అర్ధలోహాలకు ఒక్క మార్కేనా?

— ఒక పూర్వ విద్యార్థి, భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు

ఈ సంచికలో కవితలు, జ్ఞాపకాలు, మన హాస్టల్ నుంచి ఉద్యోగాల్లోకి వెళ్ళినవారి విశేషాలు ఎలాగూ ఉంటాయి. నేను మాత్రం పదో తరగతి ఆవర్తన పట్టికలో మెట్ల గీత పక్కన నిలబడి ఉండే అర్ధలోహాల గురించి కొంచెం తగాదా పెట్టుకుందామనుకుంటున్నాను. తగాదా ఆ మూలకాలతో కాదు, వాటిని మనం చదువుతున్న తీరుతో.

స్టడీ అవర్‌లో పదో తరగతి తమ్ముణ్ణి లేపి "అర్ధలోహాలు అంటే ఏమిటి?" అని అడగండి. "లోహ, అలోహ ధర్మాలు రెండూ కలిగిన మూలకాలు" అని ఊపిరి తీసుకోకుండా చెప్తాడు. ఉదాహరణలు అడిగితే బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, యాంటిమొని, టెల్లూరియం అని వరసగా అప్పజెప్తాడు. "సరే, సిలికాన్‌లో లోహధర్మం ఏది, అలోహధర్మం ఏది?" అని అడిగి చూడండి. తల దించుకుంటాడు. తప్పు వాడిది కాదు. ఆ ప్రశ్న బిట్ బ్యాంకులో లేదు.

ఇంకో చిక్కుంది. ఒక గైడులో అర్ధలోహాలు ఆరు, ఇంకో గైడులో ఏడు, మరోదాంట్లో ఎనిమిది. కొందరు పొలోనియంను కలుపుతారు, కొందరు ఆస్టటైన్‌ను కూడా లాక్కొస్తారు. "ఏది రైటు సార్?" అని పిల్లలు అడిగితే "మన గైడులో ఉన్నదే రాయండి" అనే జవాబు నేను చాలాసార్లు విన్నాను. నిజం ఏమిటంటే, ప్రపంచంలో రసాయన శాస్త్రవేత్తలందరూ ఒప్పుకున్న ఒకే జాబితా లేదు. పొలోనియంను వేడిచేస్తే లోహంలాగే దాని వాహకత తగ్గుతుంది కాబట్టి చాలామంది దాన్ని లోహమనే అంటారు. ఆస్టటైన్ సంగతి మరీ విడ్డూరం. ప్రయోగశాలలో తయారయ్యే దాని ఐసోటోపుల్లో ఎక్కువసేపు నిలిచేదాని అర్ధజీవితకాలం సుమారు 8 గంటలు. కంటికి కనిపించేంత ముక్కను ఎవరూ చూడలేదు. అలాంటిది లోహమా, అర్ధలోహమా అని మన పిల్లల దగ్గర ఒక మార్కు కోసం నిగ్గు తేలుస్తున్నాం!

నా అభిప్రాయం ఇది. అర్ధలోహం అనేది లోహానికీ అలోహానికీ మధ్య గోడకట్టిన మూడో గది కాదు. ఒక్కో ధర్మాన్ని విడివిడిగా అడిగితే ఆ మూలకం ఒక్కోసారి ఒక్కోవైపు నిలబడుతుంది. కనుక జాబితా బట్టీ పట్టించడం మానేసి, ధర్మాన్ని అడిగి, కొలిచి చూడటం నేర్పాలి. ఆ కొలిచే పని మన హాస్టళ్ళలో కూడా చెయ్యవచ్చు. దానికి ల్యాబ్ అక్కర్లేదు.

ముందు లోహం సంగతి చూద్దాం. రాగి ముక్కను సుత్తితో కొడితే రేకులా పరుచుకుంటుంది, లాగితే తీగలా సాగుతుంది. వీటినే పుస్తకం స్తరణీయత, తాంతవత అంటుంది. ఆ పెద్ద మాటలు నోరు తిరగక భయపడేవాళ్ళు ఉన్నారు గానీ వెనకున్న సంగతి తేలికే. రాగి పరమాణువులు తమ బయటి ఎలక్ట్రాన్లను ఉమ్మడి ఆస్తిగా వదిలేస్తాయి. అవి ఎవరికీ సొంతం కావు, లోహమంతా తిరుగుతుంటాయి. పరమాణువుల పొర పక్కకు జరిగినా ఆ ఉమ్మడి బంధం తెగదు, అందుకే పగలకుండా సాగుతుంది. అవే ఎలక్ట్రాన్లు కరెంటును మోస్తాయి, వాటివల్లే మెరుపు. ఒక్క కారణం నుంచి ఇన్ని ధర్మాలు వస్తున్నప్పుడు వాటిని విడివిడిగా ఎందుకు బట్టీ పట్టాలి?

గంధకంలో ఇదంతా తలకిందులు. ఎనిమిదేసి పరమాణువులు చేతులు పట్టుకుని వలయంగా కూర్చుంటాయి. ఎలక్ట్రాన్లు ఆ బంధాల్లోనే చిక్కుకుపోతాయి. ఒక వలయానికీ ఇంకో వలయానికీ మధ్య ఆకర్షణ తక్కువ. అందుకే గంధకం 115 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, గోటితో గీకితే రాలుతుంది, కరెంటును పోనివ్వదు.

ఇప్పుడు సిలికాన్. ముదురు బూడిద రంగులో అచ్చం లోహంలా మెరుస్తుంది. వ్యాపారంలో దాన్ని సిలికాన్ మెటల్ అనే పిలుస్తారు. కానీ సుత్తితో కొడితే గాజులా పగులుతుంది. దాని బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లు. చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో ఒక్కో బంధం కట్టుకుని, వజ్రంలో కార్బన్ ఉన్నట్టే గట్టి చట్రంలా నిలబడుతుంది. 1414 డిగ్రీల దాకా కరగదు. దాని ఆక్సైడ్ మనందరికీ తెలిసిందే, ఇసుకలో ముఖ్య పదార్థం. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్లని సిలికా ఇసుక అదే. ఆ ఆక్సైడ్ బలహీనమైన ఆమ్ల స్వభావం కలది, అంటే అలోహాల వరస. మెరుపు చూస్తే లోహం, పెళుసుదనం చూస్తే అలోహం, ఆక్సైడ్ చూస్తే అలోహం. మరి కరెంటు మాటేమిటి?

ఇక్కడ 'అర్ధ' అనే మాట తప్పుదోవ పట్టిస్తుంది. సగం లోహం కాబట్టి రాగి మోసే కరెంటులో సగం మోస్తుందేమో అనుకుంటారు. గది ఉష్ణోగ్రత దగ్గర శుద్ధ సిలికాన్ విశిష్ట నిరోధం రాగి కంటే పదివేల కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. గంధకం విశిష్ట నిరోధం ఆ సిలికాన్ కంటే మళ్ళీ దాదాపు లక్ష కోట్ల రెట్లు. మధ్యలో ఉన్నమాట నిజమే గానీ, అది సున్నాలు లెక్కపెడితే కనిపించే మధ్య.

అంతకంటే ముఖ్యమైన తేడా వేడి దగ్గర బయటపడుతుంది. మన స్టోరు రూములో ఎక్కడైనా పాత వంద వాట్ల బల్బు మిగిలి ఉంటే, దాన్ని హోల్డరులో పెట్టకుండా చేతిలో ఉంచుకుని మల్టీమీటరుతో నిరోధం కొలవండి. సుమారు 40 ఓములు చూపిస్తుంది. అదే బల్బు 230 వోల్టుల మీద వెలిగేటప్పుడు నిరోధం ఎంతో లెక్క కట్టండి. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే 529 ఓములు. చల్లగా ఉన్నప్పటికంటే పది రెట్లకు మించి పెరిగింది! ఫిలమెంటు టంగ్‌స్టన్, అంటే లోహం. వేడికి పరమాణువులు ఊగిపోతుంటే ఎలక్ట్రాన్ల దారికి అడ్డం తగులుతాయి. సంత రోజున వీధిలో సైకిలు తొక్కినట్టు ఉంటుంది వాటి పని.

సిలికాన్ దీనికి సరిగ్గా ఎదురు. వేడి పెరిగితే శుద్ధ సిలికాన్ నిరోధం తగ్గుతుంది. ఎందుకో చెప్పడానికి మన మెస్సుకు మించిన ఉదాహరణ లేదు. బంతిలో అందరూ కూర్చున్నారనుకోండి. ఒక్క ఖాళీ లేదు. ఎవరూ కదలలేరు. చల్లని సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు అలా ఉంటాయి. వేడి తగలగానే ఒకడు లేచి నిలబడ్డాడు. లేచినవాడు తిరగగలడు. వాడు వదిలిన ఖాళీలోకి పక్కవాడు జరుగుతాడు, వాడి ఖాళీలోకి ఇంకొకడు. లేచినవాడూ కదులుతున్నాడు, ఖాళీ కూడా కదులుతోంది. ఆ కదిలే ఖాళీనే హోల్ అంటారు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఇది రాగానే చాలామందికి జ్వరం వస్తుంది. బంతి భోజనం తెలిసినవాడికి రాకూడదు.

మూడు ఎలక్ట్రాన్లు మాత్రమే ఉన్న బోరాన్ పరమాణువును సిలికాన్ మధ్యలో కూర్చోబెడితే? వేడితో పని లేకుండానే అక్కడ ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఐదు ఎలక్ట్రాన్లున్న ఫాస్ఫరస్‌ను కూర్చోబెడితే చోటు దొరకని ఎలక్ట్రాన్ ఒకటి మిగిలి తిరుగుతుంది. లక్ష సిలికాన్ పరమాణువులకు ఒక్క బోరాన్ పరమాణువు కలిపితే చాలు, గది ఉష్ణోగ్రత దగ్గర వాహకత లక్షల రెట్లు పెరుగుతుంది. రాగిలో లక్షకు ఒకటి ఏది కలిపినా ఇంత తేడా రాదు. గంధకంలో కలిపినా రాదు. మనం చెప్పినట్టు వినే గుణం సిలికాన్‌కు ఉంది కాబట్టే మన జేబులోని సెల్‌ఫోన్ దానిమీద నడుస్తోంది. 1947లో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ చేసిన మొదటి ట్రాన్సిస్టరులో మాత్రం వాడింది జెర్మేనియం. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఆ స్థానంలోకి సిలికాన్ వచ్చింది.

ఇక్కడిదాకా చదివి, "అయితే అర్ధలోహం అంటే అర్ధవాహకం అన్నమాట, వేడిచేస్తే వాహకత పెరిగేది" అని నోటు పుస్తకంలో రాసుకోబోయేవారు కాస్త ఆగాలి. గైడుల్లో ఈ వాక్యం కూడా ఉంటుంది. ఆర్సెనిక్ దగ్గరికి వెళ్తే అది చెల్లదు. బూడిద రంగు ఆర్సెనిక్ విశిష్ట నిరోధం రాగి కంటే సుమారు 20 రెట్లు, అంతే. నీళ్ళు కాచుకునే హీటరు కాయిల్‌లో వాడే నైక్రోమ్ కంటే ఆర్సెనికే మెరుగైన వాహకం! వేడిచేస్తే లోహంలాగే దాని నిరోధం పెరుగుతుంది. యాంటిమొని కూడా అంతే. కరెంటును అడిగితే ఈ రెండూ లోహాల వైపే ఉంటాయి.

మరి వాటిని అర్ధలోహాలని ఎందుకంటున్నాం? మిగతా ధర్మాలు అడిగాం కాబట్టి. రెండూ పెళుసు. ఆర్సెనిక్‌ను మామూలు పీడనం దగ్గర వేడిచేస్తే కరగదు, 615 డిగ్రీల దగ్గర కర్పూరంలా నేరుగా ఆవిరైపోతుంది. దాని ఆక్సైడ్ నీటిలో కరిగి ఆమ్లాన్నిస్తుంది. సోడియంలా ధన అయానుగా విడిపోవడం దానికి ఇష్టం ఉండదు. ఋణవిద్యుదాత్మకత అడుగుదామా? అర్ధలోహాలకు సుమారు 1.9 నుంచి 2.2 మధ్య ఉంటుందని చెప్తారు. సిలికాన్‌కు 1.9. కానీ రాగికీ 1.9నే! ఒక్క అంకె పట్టుకుని తీర్పు చెప్పబోతే రాగి తీగ కూడా అర్ధలోహమైపోతుంది.

మినహాయింపులు మిగతావైపుల్లోనూ ఉన్నాయి. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ అలోహం, అయినా కరెంటు పోనిస్తుంది. అయోడిన్ అలోహం, అయినా మెరుస్తుంది. మెట్ల గీతను ఆనుకుని ఉన్న అల్యూమినియం నిక్కమైన లోహం, కానీ దాని ఆక్సైడ్ ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరుపుతుంది.

ఈ తికమక మనకే వచ్చిందనుకోవద్దు. డేవీ అనే శాస్త్రవేత్త సిలికాన్ లోహమే అయ్యుంటుందని భావించి 1808లో సిలీషియం అని లోహాల పేర్ల తోక తగిలించాడు. 1817లో థామ్సన్ ఆ తోక తీసి, కార్బన్, బోరాన్‌ల వరసలో సిలికాన్ అని మార్చాడు. 'మెటలాయిడ్' అనే మాటను 1811లో బెర్జీలియస్ వాడింది అసలు అలోహాలకు! 1782లో ట్రాన్సిల్వేనియా బంగారు ఖనిజంలో టెల్లూరియం దొరికినప్పుడు ముల్లర్ దాన్ని యాంటిమొనియా, బిస్మత్తా అని తర్జనభర్జన పడి, ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడు. జెర్మేనియం కథ అందరికంటే బాగుంటుంది. 1871లో మెండలీవ్ సిలికాన్ కింద ఒక గడి ఖాళీగా వదిలి, అక్కడికి రాబోయే మూలకం పరమాణు భారం 72, సాంద్రత 5.5 ఉంటుందన్నాడు. 1886లో వింక్లర్‌కు కొత్త మూలకం దొరికింది. ఆయన మొదట దాన్ని యాంటిమొని దగ్గరున్న ఇంకో ఖాళీ గడిలో పెడదామనుకున్నాడు. ధర్మాలు కొలిచాక సిలికాన్ కింది గడే సరైనదని తేలింది. ఇప్పుడు మనకు తెలిసిన విలువలు 72.6, 5.3. ఏ గడిలో పెట్టాలన్నది వాళ్ళకు కూడా కొలిస్తేనే తెలిసింది.

"ఇదంతా తెలిస్తే ఏం, తెలియకపోతే ఏం అన్నా? మార్కు ఒక్కటే కదా" అనే తమ్ముళ్ళుంటారు. వాళ్ళకు బెంగాల్ బోరుబావుల సంగతి చెప్పాలి. చెరువుల నీటితో రోగాలొస్తున్నాయని బంగ్లాదేశ్‌లో 1970ల నుంచి లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు. మంచి ఉద్దేశంతోనే వేశారు. ఆ లోతు నీటిలో ఆర్సెనిక్ ఉందని తర్వాత తెలిసింది. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లో 1980లలోనే రోగులు బయటపడ్డారు. ఆర్సెనిక్ నీటికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదంటుంది. అది నీటిలోకి ఎలా దిగుతుందో చూడండి. అది లోహాల్లా ధన అయానుగా ఉండదు. అలోహం లాగా ఆక్సిజన్‌తో కలిసి ఆర్సినైట్, ఆర్సినేట్‌గా కరుగుతుంది. ఆర్సినేట్ అచ్చం ఫాస్ఫేట్ వేషంలో ఉంటుంది కాబట్టి మన శరీరంలోని కణాలు కూడా మోసపోతాయి. అలాంటి నీటిని శుద్ధి చేసే వడపోతల్లో ఇనుప ఆక్సైడ్లు వాడటానికి కారణం కూడా ఆ రసాయన స్వభావమే. మన నల్గొండను పీడించింది ఫ్లోరైడ్, అది అలోహం. దాని వైద్యం వేరు. ఏ మూలకం ఎటువైపు నడుస్తుందో తెలియకుండా నీళ్ళు బాగుచేయడం కుదరదు.

ఇక అసలు బాధ చెప్తాను. పదో తరగతి పాసైన మన హాస్టల్ పిల్లలు ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేటప్పుడు "సైన్సు మనకు రాదన్నా" అని తప్పుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆర్ట్స్ గ్రూపులు తక్కువని నా ఉద్దేశం కాదు. ఇష్టపడి తీసుకుంటే సంతోషమే. భయపడి తీసుకోవడమే నాకు నచ్చదు. ఐదేళ్ళు సైన్సు చదివి ఒక్కసారి కూడా ఒక వస్తువును చేత్తో పట్టుకుని కొలవనివాడికి సైన్సంటే అప్పజెప్పే పాఠమే. అప్పజెప్పడంలో పట్నంలో ట్యూషన్లు పెట్టించుకునేవాళ్ళు మనకంటే ఎప్పుడూ ముందుంటారు. కొలవడంలో అలా కాదు. మీటరు ముల్లు ఎవరి పక్షమూ వహించదు.

కనుక మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక సూచన. ప్రతి వార్షికోత్సవానికీ శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలకు ఖర్చు పెడుతున్నాం. నాక్కూడా రెండు శాలువాలు కప్పారు, కాదనను. ఈ ఏడాది ఒక్క శాలువా తగ్గించి హాస్టల్‌కు ఒక పెట్టె ఇద్దాం. అందులో ఒక డిజిటల్ మల్టీమీటరు, నాలుగు 4007 డయోడులు, ఒక థర్మామీటరు, రాగి తీగ, అల్యూమినియం రేకు, పెన్సిల్ ములుకులు, గంధకం ముక్క. డయోడు రేడియో రిపేరు షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. మొత్తం కొన్ని వందల రూపాయల్లో తేలిపోతుంది.

ఏం చెయ్యాలో కూడా చెప్తాను. మల్టీమీటరును డయోడు గుర్తు దగ్గర పెట్టి సిలికాన్ డయోడును ఒకవైపు నుంచి తాకిస్తే 550, 600 దగ్గర్లో ఒక అంకె వస్తుంది. అది మిల్లీవోల్టుల్లో. తిరగేసి తాకిస్తే ఏమీ రాదు. ఇది సిలికాన్ ముక్క నిరోధం కాదు, బోరాన్ లాంటిది కలిపిన వైపుకీ ఫాస్ఫరస్ లాంటిది కలిపిన వైపుకీ మధ్యనున్న సంధి దాటడానికి కావలసిన వోల్టేజి అని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. తర్వాత డయోడును పాలిథిన్ కవరులో చుట్టి, వంటమనిషిని అడిగి తెచ్చుకున్న వేడినీళ్ళ గ్లాసులో ముంచండి. అంకె పడిపోతుంది. డిగ్రీకి సుమారు రెండేసి చొప్పున తగ్గుతుంది. 70 డిగ్రీల నుంచి 30 దాకా నీళ్ళు చల్లారేలోగా ఐదేసి డిగ్రీలకు ఒకసారి రాసుకుంటే గ్రాఫు కాగితం మీద దాదాపు సరళరేఖ వస్తుంది. అదే సాయంత్రం బల్బు లెక్క కూడా చేయిస్తే లోహం ఎటు నడిచిందో, సిలికాన్ ఎటు నడిచిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పెన్సిల్ ములుకును, గంధకాన్ని చివర్లో ఇవ్వండి. అలోహాలన్నీ ఒకటే అనుకునేవారికి ఆ రెండూ సరిపోతాయి.

కొన్ని జాగ్రత్తలు. ప్లగ్గులో ఉన్న ఏ వస్తువునూ మీటరుతో తాకకూడదని పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. గంధకాన్ని వేడిచేయకూడదు. ఆర్సెనిక్, యాంటిమొని ఎవరు ఉచితంగా ఇస్తామన్నా తేవద్దు, వాటి గురించి చదివితే చాలు. థర్మామీటరు పాదరసం లేనిదే కొనాలి. పెట్టె తాళంచెవి వార్డెన్‌గారి బీరువాలో కాకుండా తొమ్మిదో తరగతి లీడరు దగ్గర ఉండాలి. బీరువాలోకి వెళ్ళిన క్యారమ్ బోర్డు మళ్ళీ ఎప్పుడు బయటికొచ్చిందో సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. మల్టీమీటరు బ్యాటరీ ఆరు నెలలకొకసారి మార్చాలి, ఆ ఖర్చు నా వంతు. మొదటి గ్రాఫు గీసినవాళ్ళు దాన్ని నోటీసు బోర్డు మీద, మెస్ మెనూ పక్కనే అంటించండి. వచ్చే హాస్టల్ డేకి వచ్చినప్పుడు చూస్తాను.